జ్యేష్ఠను చూసే పద్ధతి

పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చేటప్పటికి నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. కబురు తెచ్చింది మా పాత వీధి నుంచి హనుమకొండ దాకా తిరిగే గాజులామె. గంప దించుకుంటూ, "గిర్మాజిపేటల ఇత్తడి సేట్ల చిన్నకోడలు పోయిందమ్మా, మొన్న. నీకెరుకైందా?" అంది. తెలియదన్నాను. గాజులు వద్దన్నాను. ఆమె వెళ్లాక మిగిలిన కాయలకు కూడా ఈనెలు తీసి కూర వండాను. ఉప్పు కూడా సరిగ్గానే పడింది.

ఏడుపు వస్తుందేమో అని చూశాను, రాలేదు. సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కినప్పుడు మాత్రం కాళ్లు వాటంతటవే దక్షిణం దిక్కు తిరిగాయి. మబ్బు పట్టి ఉంది. చుక్కల్లేవు. బట్టలు మడతపెట్టుకొని దిగాను.

ఆమెను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. ఆమెకు పేరుండే ఉంటుంది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ పేరుతో ఎవరూ పిలవగా వినలేదు, నేనూ అడగలేదు.

డెబ్భైలలో, పెళ్లయిన కొత్తలో, మా ఆయనకు వరంగల్‌లో ఉద్యోగమైతే తొర్రూరు నుంచి ఆయన వెంట వచ్చాను. వాళ్ల డాబా మీది ఒంటిగదిలో మా కాపురం. కింద వీధి మొహాన ఇత్తడి సామాన్ల దుకాణం, దాని వెనకే ఇల్లు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పొయ్యి. అన్నను అందరూ పెద్దసేటు అనేవారు. తమ్ముడు, అంటే పెద్దమ్మ భర్త, దుకాణంలో బిందెలు తూకం వేసేవాడు. అన్నకు ఎదురు చెప్పేవాడు కాదు, భార్యకు ఎదురు చెప్పేవాడు కాదు, అసలు ఎవరికీ ఏమీ చెప్పేవాడు కాదు. పెద్దసేటు భార్య పెద్దకోడలు. ఇంట్లో వంట మొత్తం పెద్దమ్మది, వడ్డన మాత్రం పెద్దకోడలిది. ఇదేం పంపకమో నాకు కొన్నాళ్ల దాకా అంతుపట్టలేదు.

అంతుపట్టని సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఇంట్లో జలుబు లేని దగ్గు వినిపించేది. పెద్దసేటు దుకాణంలోంచి ఇంట్లోకి వచ్చేముందు గడప దగ్గర ఆగి రెండుసార్లు దగ్గేవాడు. వెంటనే వంటింట్లో తాళంచెవుల గుత్తి గలగలమనేది. పెద్దమ్మ నడుముకు ఆ గుత్తి ఎప్పుడూ వేలాడుతుండేది. అందులో సగం చెవులకు తాళాలే లేవు, చప్పుడు కోసం గుచ్చుకున్నవి. ఆయన దగ్గితే 'వస్తున్నాను' అని, ఆమె గుత్తి ఆడిస్తే 'పోతున్నాను' అని. గలగల మెట్ల దాకా పోయి ఆగిపోయాక ఆయన గడప దాటేవాడు. ఒకే ఇంట్లో, ఒకే వంట తింటూ, ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఎన్నో ఏళ్లుగా ఇలాగే వెళ్లదీస్తున్నారు.

"గంగాళం అమ్ముడువోయింది ఇయ్యాల. దగ్గు సూడు, ఎంత గట్టిగున్నదో," అనేది పెద్దమ్మ మెట్లెక్కుతూ. ఆమె లెక్క ఎక్కువసార్లు నిజమయ్యేది.

పెద్దసేటు దుకాణం కట్టేసి అన్నానికి వచ్చే వేళకు పెద్దమ్మకు వంటింట్లో చోటు లేదు. ఆయన తిని, చెయ్యి కడుక్కొని, ముందర్రలోకి, అంటే ముందు గదిలోకి, పోయేదాకా ఆమె ఎక్కడైనా ఉండాలి. వానాకాలం మెట్ల కింద కూర్చునేది. మిగతా కాలమంతా డాబా మీదే. రోజూ చీకటి పడ్డాక పనిలేని మనిషి డాబా మీద నిలబడితే ఏం చేస్తుంది? పైకి చూస్తుంది. ఆమెకు చుక్కలు అలా తెలిశాయి. ఎవరూ నేర్పలేదు.

మొదటి వేసవిలో ఒకరోజు పిట్టగోడ దగ్గర నిలబడి దక్షిణాన ఖిల్లా దిక్కు చూస్తోంది. ఏం చూస్తున్నావు పెద్దమ్మా అంటే, "నా చుక్కను," అంది. నాకూ చూపించమన్నాను.

"ముందుగాల నీ అర్రల దీపం ఆర్పి రా. దీపాన్ని చూసిన కండ్లకు చుక్క కనబడది. వచ్చి జరసేపు ఉత్తగ కూసో. కండ్లకు చీకటి అలవాటు గావాలె. నీకు అన్నిట్ల తొందరే."

దీపం ఆర్పి వచ్చి కూర్చున్నాను. కింద పెద్దకోడలు వడ్డిస్తున్న చప్పుడు వినిపించింది. కొంతసేపయ్యాక పెద్దమ్మ చెయ్యి చాపింది.

"గోడకు జర పైన మూడు చుక్కలు, ఒకదాని కింద ఒకటి నిలబడ్డయ్, కనబడ్డయా? గది అనూరాధ. తేలు తలకాయ అనుకో. ఆడికెల్లి జర కిందికి దిగు. ఎర్రగ ఒకటి ఉన్నది సూడు. దానికి అటొక చిన్నది, ఇటొక చిన్నది. తల్లి నడుమ కూసోని పిల్లలను అటిటు కూసోవెట్టుకున్నట్టు. గదే జ్యేష్ఠ. గదే నా చుక్క."

కనిపించింది. ఆరిపోబోయే నిప్పుకణిక రంగులో ఉంది. మరి తేలు తోకేదని అడిగాను.

"తోక ఇంక లేవలే. పోయి గిన్నెలు తోముకొని రా. అప్పటికి లేస్తది."

గిన్నెలు తోమి వచ్చేసరికి నిజంగానే తోక గోడ మీదికి వచ్చి ఉంది. కిందికి దిగి, మెలి తిరిగి, చివర మళ్లీ పైకి లేచిన తోక. కొండి దగ్గర రెండు చుక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకొని ఉన్నాయి. అది మూల నక్షత్రమట. తోకలో కొన్ని చుక్కలు మసగ్గా ఉండి నాకు అందలేదు. కళ్లు చికిలించి చూస్తుంటే పెద్దమ్మ గద్దించింది.

"గట్ల గుచ్చి చూస్తే మాయమైతయ్. పక్కకు చూడు. చుక్క మీద గాదు, చుక్క పక్కపొంటి. అప్పుడు అదే కనబడ్తది." పక్కకు చూశాను. కనపడింది. ఇది ఎట్లా తెలుసు నీకు అంటే, "నేను అన్ని పక్కచూపుతోనే నేర్చుకున్న," అంది.

ఆమె మాట ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండేది. చారులో పోపు పెట్టడం గురించి చెప్పినా, తన పెళ్లి గురించి చెప్పినా అదే గొంతు. పెళ్లి సంగతి కూడా ఆ చుక్కలు చూపిస్తూనే చెప్పింది. జ్యేష్ఠలో పుట్టిన పిల్లను చేసుకుంటే పెనిమిటి అన్నకు, అంటే బావగారికి, ప్రాణగండమని మనవాళ్ల నమ్మకం. అందుకని ఆమె తండ్రి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లది అనూరాధ అని చెప్పాడు. పెళ్లి నిశ్చింతగా అయిపోయింది. అప్పగింతల ముందు పంక్తిలో కూర్చున్న మేనత్త ఒకామె, బూరె కొరుక్కుంటూ, "మా పిల్ల జ్యేష్ఠల పుట్టినా ఎంత అణకువనో!" అని మెచ్చుకుంది. మెచ్చుకోలు కొంప ముంచింది.

"చెయ్యి చాపి పిడికిలి పట్టు," అంది నాతో. పట్టాను. "దాన్ని ఆ చుక్కలకు అడ్డం పెట్టు. అనూరాధ, జ్యేష్ఠ రెండు మూసుకపోయినయా?" మూసుకుపోయాయి. "మా నాయిన ఆడిన అబద్ధం గంతే. పిడికెడు. పెద్ద అబద్ధమేం గాదు."

పెళ్లిపందిట్లో గోల గోలైందట. పంతులు పరిహారం చెప్పాడు. చెడు నక్షత్రాన పుట్టిన పసిబిడ్డను తండ్రికి నూనెలో చూపిస్తారు కదా, అలాగే కంచుగిన్నెలో నువ్వుల నూనె పోసి కోడలి ముఖం అందులో పడేట్టు కూర్చోబెట్టి, బావగారిని ఆ నీడ చూడమన్నాడు. ఆ తర్వాత ఒక ఏడాది పాటు ఇద్దరూ ముఖాముఖాలు చూసుకోవద్దన్నాడు.

"ఏడాదేనా?" అన్నాను.

"ఏడాదే అన్నడు. ఏడాది నిండే యాల్లకు ఆయినెకు టైఫాయిడ్ వచ్చింది. దాంతోని ఇంకో యేడు అన్నరు. గా పంతులు సచ్చిపోయిండు. అటెన్క ఇంగ ఎవ్వలు ఏమనలే. అయిపోయిందని చెప్పేటోల్లు ఉండాలె గద."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె మాత్రం తేలు వైపే చూస్తోంది. నీకు కోపం రాదా అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది, కోపం ఉందో లేదో వెతుక్కుంటున్న మనిషిలాగ.

"కోపమేం లేదు గని, ఒక్క కోరికున్నది. ఆయినె పీట మీద కూసున్నప్పుడు నా చేత్తోని ఒక్కసారి చారు పొయ్యాలె. ఇన్నేండ్లు వండిన. ఒక్కనాడు వడ్డించలే. గంతే."

ఏటా జ్యేష్ఠమాసంలో, తన పెళ్లయిన నెలలో, పొద్దు గూకగానే ఆ ఎర్రచుక్క ఖిల్లా దిక్కున గోడ మీదికి వచ్చే మొదటిరోజు ఆమెకు తెలుసు. "మల్లొచ్చింది. ఏడాదైంది," అనేది. అని, కింద ఎవరైనా పిలుస్తారేమో అన్నట్టు మెట్ల వైపు ఒకసారి చూసేది. ఎవరూ పిలిచేవారు కాదు. నేనున్నన్ని ఏళ్లూ ఆ మాట విన్నాను. ప్రతిసారీ అదే గొంతు.

ఆమెతో పరాచికాలు కూడా ఉండేవి. ఒక ఎండాకాలం నేను ముందే డాబా ఎక్కి, "పెద్దమ్మా, నీ చుక్క వచ్చింది!" అని గొప్పగా కేకేశాను. ఆమె వచ్చి చూసి, "నీ కండ్లు మండ, అది కుజుడు. మినుకుమంటాందా? లేదు గద. మినుకుమంటె చుక్క, నిలకడగ సూస్తె గ్రహం. ఎర్రగున్నోల్లంతా నా చుట్టాలే అనుకున్నవా?" అంది. కొన్నాళ్లకు ఆ కుజుడు జరుగుతూ జరుగుతూ జ్యేష్ఠ పక్కకే వచ్చి, దాటి వెళ్లిపోయాడు. ఆమె అంది గదా, "చూసినవా? వాడు తిరుగుబోతు. నాది కూసున్న కాడికెల్లి లేవది."

మార్గశిరంలో జ్యేష్ఠ అసలే కనిపించదు. సూర్యుడి వెంట మునిగిపోతుంది. మళ్లీ సంక్రాంతి నాటికి తెల్లవారుజామున తూర్పున లేస్తుంది. కనిపించని ఆ నెలను 'నా చుక్క సెలవు' అనేది. ఒకసారి ఆ చలిలోనే పెద్దసేటు వారం రోజులు మంచం పట్టాడు. పెద్దకోడలు కింద నుంచి డాబా వైపు చూసి ఏదో అంటోంది. పెద్దమ్మ నా పక్కన కూర్చొని నెమ్మదిగా అంది. "నా చుక్క ఉన్నప్పుడు ఆయినె గుండ్రాయోలె ఉంటడు. అది లేనప్పుడే ఆయినెకు జరం. మరి గిదేం లెక్కనో." ఆ లెక్క ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే వినేవాళ్లూ లేరు. ఇంకోసారి అటక మీది ఇత్తడి కాగు జారి ఆయన పాదం మీద పడింది. కాకి వాలిందీ, తాటిపండు పడిందీ. ఆ పూట కూడా తప్పు ఈమెదే అయింది. పసుపు నూరి పంపింది. పసుపు ఎవరు నూరారో ఆయనకు చెప్పలేదు.

ఆ కాగు పడ్డ రోజుల్లోనే ఆమె నాకో రహస్యం చెప్పింది. నేను ఆమె మీద జాలిపడి, ఇన్నేళ్లు ఒక ఇంట్లో ఉండి ఆయన ఎట్లా ఉంటాడో కూడా నీకు తెలియదు కదా అన్నాను.

"ఎందుకు తెల్వది? రోజు చూస్త," అంది.

నేను బిత్తరపోయాను.

"కొత్తల ఒకనాడు మెట్ల తలుపు సందులకెల్లి అనుకోకుంట కనబడ్డడు. అన్నం తింటాండు. నాకు పానం పోయినంత పనైంది. ఇంగ తెల్లారెవరకు ఏమైతదో అని రాత్రంత గోడకు ఒరిగి కూసున్న. తెల్లారింది. గడప కాడ దగ్గిండు. ఎప్పటి దగ్గే. గంతే బిడ్డా. ఆనాటి సంది రోజు చూసే పైకొస్తాన. చారు పోసుకున్నంక పల్లెం ఎత్తి తాగుతడు, సిన్నపోరనోలె. రెండోసారి అడిగితె చారు మంచిగైనట్టు."

"మరి ఈ మాట ఆయనకు చెప్పొచ్చు కదా! ఏమీ కాదని తెలిసిపోయేది."

"చెప్తే ఏమైతది? ఆయినె బుగులు పడ్తడు. గా భయానికి నిజంగనే జరం వస్తది. అది మల్ల నా మీదికే వస్తది. నువ్వు గూడ ఎవ్వలకు చెప్పకు."

ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతి జ్యేష్ఠమాసంలో పెద్దకోడలు చుట్టాలింట్లో పెళ్లికని మరిపెడ వెళ్లింది. ఆ రోజుల్లో వడ్డించేవాళ్లు లేరు. పెద్దమ్మ పళ్లెంలో అన్నీ సర్ది, పైన ఇంకో పళ్లెం బోర్లించి, గుత్తి ఆడించి మెట్లెక్కేది. ఆయన దగ్గి, లోపలికి వచ్చి, ఒక్కడే తిని వెళ్లేవాడు. ఒకరోజు కరెంటు పోయింది. ఊరంతా చీకటి. చుక్కలు ఎన్నడూ లేనంత దగ్గరగా ఉన్నాయి. పెద్దమ్మ, నేను పిట్టగోడ దగ్గర ఉన్నాం. మెట్ల మీద దగ్గు వినిపించింది.

డాబాకు ఒక్కటే దారి. ఆమె దిగిపోవడానికి లేదు. కొంగు తల మీదికి లాక్కొని గోడ వైపు తిరిగి నిలబడింది. మెట్ల చివర పెద్దసేటు ఆగిపోయాడు. పెద్దమ్మ ఇంకెక్కడో ఉన్నట్టు, నాతోనే మాట్లాడాడు.

"బిడ్డా, మీ పెద్దమ్మ రోజు జూసే చుక్క ఏదో జర నాకు గూడ జూపియ్యుమను."

పెద్దమ్మ గోడకే చెప్పింది. "ఎందుకట, కనుక్కో బిడ్డా."

"ఎందుకటనా? ఇన్నేండ్లకెల్లి నన్ను సంపుతనని కూసున్నది. దాని మొఖమన్న జూడొద్దా?"

ఇద్దరికీ ఇద్దరి మాటలూ వినపడుతూనే ఉన్నాయి. అయినా నా నోటి మీదుగా పోవాల్సిందే. నేను మధ్యలో నిలబడి మోశాను. గుత్తి ఒకసారి గలగలమంది. ఆమె పారిపోతోందేమో అనుకున్నాను. కాదు, చెయ్యి పైకెత్తింది.

"ఖిల్లా దిక్కు తిరుగుమను."

ఆయన తిరిగాడు. ఇద్దరూ దక్షిణానికే తిరిగి ఉంటే ఒకరి ముఖం ఒకరికి కనపడదు. చుక్కలు చూడ్డంలో ఈ వెసులుబాటు ఉంది.

"మూడు చుక్కలు నిలువుగ ఉన్నయా, అడుగు."

"ఉన్నట్టే ఉన్నయ్," అన్నాడు.

"వాటి కింద ఎర్రది. అటొకటి ఇటొకటి చిన్నయి."

పెద్దసేటు చాలాసేపు చూశాడు. తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు, చీకట్లో ఎండ ఉన్నట్టు. "కనబడ్తలేదు బిడ్డా. ఆ మూడు గూడ కనబడలే. అంత పొగోలె ఉన్నది," అన్నాడు చివరికి. ఆయన కళ్లకు పొర వచ్చిందని మాకు తెలిసింది అప్పుడే. దుకాణంలో గిన్నెలను వేలితో కొట్టి మోతను బట్టి పోల్చుకుంటుంటే, అది పెద్ద వ్యాపారి నేర్పు అనుకునేవాళ్లం.

పెద్దమ్మ ఎత్తిన చెయ్యి దించింది. ఆమెకు అర్థమైంది. ఆ గొంతు మాత్రం మారలేదు.

"ఫికర్ చెయ్యొద్దను. ఆయినెకు అది కనబడకుంటె, దానికి ఆయినె గూడ కనబడడు."

పెద్దసేటు నవ్వాడు. ఆయన నవ్వు నేను వినడం అదే మొదలు, అదే చివర. నవ్వు దగ్గులోకి దిగింది. మెట్ల దగ్గరికి తడుముకుంటూ వెళ్లి అక్కడ నిలబడ్డాడు.

"చారు మంచిగుండెనని చెప్పు," అని దిగిపోయాడు.

ఆ మాట నేను మోయాల్సిన పని లేకపోయింది. అయినా మోశాను. పెద్దమ్మ కొంగు తీసి ముఖం తుడుచుకుంది. చెమటే అయి ఉంటుంది. "మిరియాలు ఎక్కువైనయేమో అనుకున్న," అంది. కాసేపటికి కరెంటు వచ్చింది. చుక్కలు వెనక్కి తగ్గాయి.

ఇక అంతా మారిపోతుందని అనుకున్నాను. నాకు వయసు తక్కువ. పెద్దకోడలు మరిపెడ నుంచి వచ్చింది. మర్నాడు దగ్గు గడప దగ్గర ఆగింది, గుత్తి గలగలమని మెట్లెక్కింది. అంతకుముందు ఎట్లా ఉందో అట్లాగే. కొన్నాళ్లకు మా ఆయన ఆఫీసు దగ్గరగా ఉంటుందని హనుమకొండకు మారాం. వెళ్లేటప్పుడు పెద్దమ్మ ఒక చిన్న ఇత్తడి గిన్నె ఇచ్చింది. ఆడ డాబా ఉన్నదా అని అడిగింది. ఉందన్నాను. "దక్షిణం దిక్కు ఇండ్లు లేకుంటె చాలు," అంది.

కబురు విన్న మర్నాడు గిర్మాజిపేటకు వెళ్లాను. దుకాణం మూసి ఉంది. తమ్ముడు అరుగు మీద కూర్చొని ఉన్నాడు, నన్ను చూసి తల ఊపాడు. పెద్దకోడలు నీళ్లిచ్చి, "పొయ్యి కాడనే పోయిందమ్మా, చారు మరుగుతాంటె," అని చెప్పింది. వినడానికి నాకు కష్టంగా అనిపించలేదు. నీళ్లు తాగి గ్లాసు తిరిగి ఇచ్చాను.

ముందర్రలో మంచం మీద పెద్దసేటు ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. చూపు పూర్తిగా పోయింది. కంటి ఆపరేషన్ అంటే బుగులుపడి దవాఖానకు పోలేదట. ఎవరని అడిగితే, డాబా మీద ఉండే తొర్రూరు పిల్లనని చెప్పాను.

"మాటలు మోసిన పిల్లవా," అన్నాడు. మంచం మీద చోటు చూపించాడు. నేను కింద కూర్చున్నాను.

"ఆమె ఒల్లు సల్లవడ్డంక గూడ దగ్గరికి నన్ను పోనియ్యలే బిడ్డా. మా ఇంటామె వద్దన్నది. కండ్లు లేనోన్ని, నేను చూసేదేమున్నది? అయిన పోనియ్యలే. వాకిట్లకెల్లి తీస్కపోతాంటె ఈన్నే కూసున్న." మంచం పట్టె తడుముతూ అన్నాడు, "పంతులు ఏడాదే అన్నడు. ఏడాదైందని చెప్పాల్సినోన్ని నేను. మొదలు కొన్నేండ్లు బుగులైంది. అటెన్క సిగ్గయింది."

 ఏటా ఆ ఎర్రచుక్క రాగానే ఆమె మెట్ల వైపు చూసేదని చెబుదామనుకొని ఊరుకున్నాను.

"పెండ్లినాడు నూనెల జూసిన. ఎవలో గిన్నెను తాకిండ్లు, నూనె కదిలింది. ఏం కనబడలే. చూసిన అని చెప్పిన." ముఖం నా వైపు తిప్పాడు. "ఎట్లుంటుండె మీ పెద్దమ్మ?"

ఒక ముఖాన్ని ఎక్కడి నుంచి చెప్పాలో నాకు తెలియలేదు. ఆమె నేర్పిన పద్ధతి ఒక్కటే తెలుసు.

"ముందు ముక్కుపుడక. ఎర్రరాయిది," అన్నాను. "అక్కడి నుంచి జర కిందికి, ఎడమ చెంప మీదికి వస్తే పుట్టుమచ్చ. ఇంకా కిందికి వస్తే పైపెదవి మీద చిన్న గాటు, చిన్నప్పుడు బావి గట్టు మీద పడ్డదట. నవ్వితే ఎడమ దిక్కు ముందు నవ్వేది, కుడి దిక్కు తర్వాత. చామనఛాయ. నుదురు చిన్నది."

ఆయన ముఖం పైకెత్తి వింటున్నాడు. తొందరపడలేదు.

"కండ్లు?" అన్నాడు.

ఎవ్వలకు చెప్పకు అన్న మాట గుర్తొచ్చింది. ఆయనకు ఇప్పుడు జ్వరం వచ్చినా ఆమె మీదికి రాదు గదా అనుకున్నాను.

"కండ్లు పెద్దవి. నేరుగా చూసేది కాదు, పక్కకు చూసేది. మెట్ల తలుపు సందులోంచి మిమ్మల్ని చూసేది."

"ఎప్పుడు?"

"రోజూ. పెళ్లయిన కొత్త నుంచీ. మీరు చారు పోసుకొని పళ్లెం ఎత్తి తాగుతారట, చిన్నపిల్లవాడిలాగ. రెండోసారి అడిగితే చారు బాగా కుదిరినట్టట. చూసి, ఆ తర్వాతే డాబా మీదికి వచ్చేది."

పెద్దసేటు కదల్లేదు. రెండు చేతులూ పళ్లెం పట్టుకున్నట్టు కొంచెం పైకి లేచి, అక్కడే ఆగాయి.

"రోజు జూసిందా," అన్నాడు. "మరి నేను సావలేదు గద."

 ఆయన లేచాడు. గోడ పట్టుకొని నడిచి వంటింటి గడప దగ్గర ఆగి, రెండుసార్లు దగ్గాడు. తాళంచెవుల గుత్తి లోపల మేకుకు తగిలించి ఉంది. ఆయన గడప దాటలేదు. అది గలగలమంటే పోదామని అక్కడే నిలబడి ఉన్నాడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.